సర్టిఫికెట్ అడిగేది ఎవరు? హన్మకొండ నుంచి ఐటీ కొలువు దాకా

నయీంనగర్ నుంచి హన్మకొండ చౌరస్తా దాకా కనిపించే ఫ్లెక్సీల్లో ఒకప్పుడు జావా, డాట్‌నెట్ ఉండేవి. ఇప్పుడు క్లౌడ్, డెవాప్స్, డేటా సైన్స్, జెన్ ఏఐ వచ్చాయి. మారనిది కింద ఉండే లైను ఒక్కటే: కోర్సు, సర్టిఫికెట్, ప్లేస్‌మెంట్, మూడూ ఒకే ఫీజులో. కొడుకునో బిడ్డనో వెంటబెట్టుకొని వచ్చిన తండ్రి కౌంటర్ దగ్గర అడిగేది కూడా ఒక్కటే: "ఇది చేస్తే నౌకరి వస్తదా సార్?" అటు నుంచి జవాబు తయారుగా ఉంటుంది: "వంద శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ ఉంటుందండీ."

ఆయన అడిగింది ఉద్యోగం గురించి. వాళ్లు చెప్పింది సాయం గురించి. ఇంటర్వ్యూ ఉందని ఒక వాట్సాప్ మెసేజ్ పంపినా అది సాయమే అవుతుంది.

చదువు చెప్పేవాళ్లు, పరీక్ష పెట్టేవాళ్లు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు ముగ్గురూ వేర్వేరు. వాళ్ల లాభనష్టాలు కూడా వేర్వేరు. ముగ్గురినీ ఒకే ఫీజులో కట్టి అమ్మడంతో ఏది దేనికి పనికొస్తుందో కొనేవాళ్లకు తెలియకుండా పోతోంది. నా లెక్కలో సర్టిఫికెట్‌కు దానంతట దానికి విలువ లేదు. ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాన్ని అడుగుతున్నారా, అడిగితే ఎందుకు అడుగుతున్నారు అన్నదాన్ని బట్టే విలువ. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. మన దగ్గర చాలామంది ముందు ఫీజు కట్టి, ఆ తర్వాత ఏ ఉద్యోగానికి అప్లై చేయాలో వెతుక్కుంటున్నారు.

ముందు కాగితాల సంగతి. కోర్సు అయిపోయాక ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ మీరు క్లాసులకు వచ్చారని మాత్రమే చెబుతుంది. కంపెనీ హెచ్‌ఆర్‌లో దాన్ని పట్టించుకునేవాళ్లు దాదాపు ఉండరు. టెక్నాలజీ తయారు చేసిన కంపెనీయే పరీక్ష పెట్టి ఇచ్చేది వేరే రకం. సిస్కో, రెడ్ హ్యాట్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ ఇచ్చేవి ఇలాంటివి. వీటిలో చాలా పరీక్షలు పియర్సన్ వ్యూ లాంటి సంస్థల సెంటర్లలో జరుగుతాయి, కొన్నింటిని ఇంట్లోనే కెమెరా ముందు కూర్చొని కూడా రాయొచ్చు. పాసైతే వచ్చే డిజిటల్ బ్యాడ్జ్ లింకును ఎవరైనా తెరిచి అది నిజమో కాదో చూసుకోవచ్చు. ఈ పరీక్ష రాయడానికి ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చేరాల్సిన పని లేదు. ఫీజు కట్టి నేరుగా రాయొచ్చన్న సంగతి తెలియక, ఇన్‌స్టిట్యూట్ ద్వారానే రాయాలనుకొని డబ్బు కడుతున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఐఐటీల అధ్యాపకులు చెప్పే పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయల ఫీజుతో సెంటర్‌లో పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వెయిటేజీ. దీన్ని చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువే కానీ, డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటి పునాది సబ్జెక్టులు కాలేజీలో సరిగ్గా జరగనివాళ్లకు ఇంత తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

కంపెనీలు సర్టిఫికెట్ ఎందుకు అడుగుతాయి

ఈ విషయం కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థలు తమ క్లౌడ్, సాఫ్ట్‌వేర్ సరుకును నేరుగా తామే కాకుండా భాగస్వామి కంపెనీల ద్వారా కూడా అమ్ముతాయి. ఆ భాగస్వాముల్లో స్థాయిలు ఉంటాయి. పై స్థాయి గుర్తింపు కావాలంటే మీ దగ్గర ఫలానా పరీక్ష పాసైన ఉద్యోగులు ఇంతమంది ఉండాలని నిబంధన పెడతాయి. గుర్తింపు ఉంటే కంపెనీకి కొత్త క్లయింట్లు దొరకడం సులువు, ఇతర లాభాలూ ఉంటాయి. పెద్ద టెండర్లలో కూడా సర్టిఫైడ్ ఇంజనీర్లు ఎంతమంది అని అడుగుతారు. అందుకే చాలా కంపెనీలు ఉద్యోగుల పరీక్ష ఫీజు తామే కట్టి మరీ రాయిస్తాయి.

దీన్నుంచి రెండు సంగతులు తేలుతాయి. ఒకటి, చాలా సర్టిఫికెట్లను ఉద్యోగంలో చేరాక కంపెనీ ఖర్చుతోనే రాయొచ్చు. చేరకముందే సొంత డబ్బుతో నాలుగైదు రాసి పెట్టుకోవడం దండగ. రెండోది, ఫ్రెషర్ సర్టిఫికెట్‌కు ఎక్కువ గిరాకీ ఉండేది పెద్ద కంపెనీల దగ్గర కాదు. నెట్‌వర్క్, సర్వర్, క్లౌడ్ పనులు చేసే చిన్న భాగస్వామి కంపెనీల దగ్గర. వాళ్లకు సర్టిఫైడ్ మనుషులు లెక్కకు కావాలి, సీనియర్లకు ఇచ్చేంత జీతం ఇవ్వలేరు. అలాంటి చోట పరీక్ష పాసైన ఫ్రెషర్‌కు తలుపు తెరుచుకుంటుంది. జీతం తక్కువే ఉంటుంది, పని మాత్రం గట్టిగా నేర్పుతుంది.

కోడింగ్ ఉద్యోగాల కథ పూర్తిగా వేరు. డెవలపర్‌ను తీసుకునేవాళ్లు స్క్రీన్ ముందు కూర్చోబెట్టి ప్రోగ్రాం రాయిస్తారు. రాయగలిగితే సర్టిఫికెట్ అడగరు, రాయలేకపోతే సర్టిఫికెట్ ఉన్నా తీసుకోరు. సన్ మైక్రోసిస్టమ్స్ రోజుల్లో జావా సర్టిఫికేషన్ రెజ్యూమెలో పైన మెరిసేది. 2010లో ఒరాకిల్ సన్‌ను కొన్నాక కూడా ఆ పరీక్ష కొనసాగుతూనే ఉంది, కానీ ఫ్రెషర్‌ను కోడింగ్ టెస్ట్ నుంచి అది తప్పించదు. పైథాన్ ఫుల్ స్టాక్ కోర్సు చేసి ఏ సర్టిఫికెట్ తీసుకోవాలని అడిగేవాళ్లకు నా సమాధానం: ఏదీ వద్దు, ఆ డబ్బుతో ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోండి.

సర్టిఫికెట్ నిజంగా అక్కరకొచ్చేది నెట్‌వర్క్, సర్వర్, క్లౌడ్ లాంటి మౌలిక వసతుల వైపు. నెట్‌వర్కింగ్‌లో సిస్కో వాళ్ల సీసీఎన్ఏ ఇప్పటికీ అందరికీ తెలిసిన పేరు. 2020 ఫిబ్రవరిలో పాత విభాగాలన్నీ తీసేసి 200-301 అనే ఒకే పరీక్షగా మార్చారు. సమయం 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు. పన్నుతో కలిపితే ముప్పై వేలకు దగ్గరగా పోతుంది కాబట్టి సరదాగా రాసి చూసే పరీక్ష కాదు. చెల్లుబాటు మూడేళ్లు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. రౌటర్, స్విచ్ కొనకుండానే ఇంట్లో ల్యాబ్ అంతా దాంట్లో కట్టుకోవచ్చు. దీంతో వచ్చే మొదటి ఉద్యోగం ఎలా ఉంటుందో కూడా ముందే తెలిసి ఉండాలి. ఎక్కడో అమెరికాలో లింక్ డౌన్ అయితే ఇక్కడ అర్ధరాత్రి టికెట్ (ఫిర్యాదు) తెరిచి చూసే ఎల్1 డెస్క్, అంటే మొదటి అంచె సపోర్ట్ అది. షిఫ్టులు మారుతూ ఉంటాయి. ఇంట్లోవాళ్లు ఊహించుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇలా ఉండదు. రెండేళ్లు తట్టుకుంటే ఆ తర్వాత దారులు బాగానే ఉంటాయి.

లైనక్స్‌లో రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ ఉంది. నాకు వీటన్నింటిలోకీ ఎక్కువ గౌరవం దీని మీదే. ఇందులో నాలుగు జవాబుల్లో ఒకటి టిక్ పెట్టడం ఉండదు. ఒక కంప్యూటర్ ఇచ్చి యూజర్లను సృష్టించు, డిస్క్ విభజించు, సర్వీస్ నడిపించు అంటారు. చేసిన సెట్టింగ్ రీబూట్ తర్వాత నిలవకపోతే మార్కులు ఉండవు. 300కు 210 వస్తేనే పాస్. బట్టీ పట్టి గట్టెక్కడం కుదరదు కాబట్టే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దీన్ని నమ్ముతారు. సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే కుబర్నెటిస్‌లో సీకేఏ కూడా ఇలాగే చేతులతో పని చేసి చూపించే పరీక్షే. కానీ లైనక్స్ రాకుండా దాని జోలికి వెళ్లడం తొందరపాటు.

క్లౌడ్ దగ్గర గందరగోళం ఎక్కువ. అమెజాన్‌లో క్లౌడ్ ప్రాక్టీషనర్ వంద డాలర్ల పరీక్ష, మైక్రోసాఫ్ట్‌లో దాదాపు ఇదే స్థాయిది ఏజెడ్-900. ఈ రెండూ ప్రాథమిక పరీక్షలు. సేల్స్‌లో ఉన్నవాళ్లు, మేనేజర్లు కూడా రాసేందుకు వీలుగా పెట్టినవి. ఇది ఒక్కటి పాసై క్లౌడ్ ఇంజనీర్ ఉద్యోగాలకు అప్లై చేస్తే ఫోన్ రాదు. కాస్త బరువున్నది అమెజాన్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్: 150 డాలర్లు, 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, వెయ్యికి 720 వస్తే పాస్, మూడేళ్ల చెల్లుబాటు. అమెజాన్‌లో ఒకటి పాసైతే తర్వాతి పరీక్షకు సగం రాయితీ ఇస్తారు. మైక్రోసాఫ్ట్‌లో ఏజెడ్-900కు గడువు లేదు. ఏజెడ్-104 లాంటి పై స్థాయి వాటిని మాత్రం ఏటా ఆన్‌లైన్‌లో చిన్న పరీక్ష రాసి ఉచితంగా పొడిగించుకోవాలి. మరిచిపోతే పోయినట్టే, మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి రాయాలి.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఐఎస్‌టీక్యూబీ అనే సర్టిఫికెట్ ఉంది, ఉంటే మంచిదే, లేకున్నా నష్టం లేదు. సెక్యూరిటీ వైపు 'ఎథికల్ హ్యాకింగ్' పేరుకు ఆకర్షణ ఎక్కువ. నెట్‌వర్కింగ్, లైనక్స్ రాకుండా సెక్యూరిటీ ఎలా వస్తుందో ఆ ఫ్లెక్సీ వేసినవాళ్లే చెప్పాలి. సెక్యూరిటీలో సీనియర్ల కోసం ఉన్న సీఐఎస్ఎస్‌పీ పూర్తి హోదాకు ఐదేళ్ల పని అనుభవం కావాలి, ప్రాజెక్ట్ మేనేజర్ల కోసం ఉన్న పీఎంపీకి డిగ్రీ ఉన్నవాళ్లకు కూడా 36 నెలల ప్రాజెక్టు అనుభవం కావాలి. డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు ఈ రెండింటిలో ఏది అమ్మజూపినా ఆ మెట్లు దిగి వచ్చేయండి.

ఇక డంప్స్. పరీక్షలో వచ్చే ప్రశ్నలంటూ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు ఇవి. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పుకున్నాకే లోపలికి వెళ్తాం. డంప్స్ వాడినట్టు తేలితే ఫలితం రద్దు చేసి, మళ్లీ రాయకుండా నిషేధించే హక్కు పరీక్ష పెట్టేవాళ్లకు ఉంటుంది. దానికంటే ముందు దొరికిపోయేది ఇంటర్వ్యూలో. సీసీఎన్ఏ ఉందని రెజ్యూమెలో చూసినవాళ్లు స్లాష్ 26 సబ్‌నెట్‌లో ఎన్ని హోస్టులు (పరికరాలు) వస్తాయని అడుగుతారు. 62 అని వెంటనే చెప్పలేకపోతే మిగతా రెజ్యూమెను కూడా ఎవరూ నమ్మరు.

అమీర్‌పేట వెళ్లాలా?

మన జిల్లాల పిల్లలకు చాలాకాలం ఇది ప్రశ్నే కాదు. డిగ్రీ అయ్యాక కాజీపేటలో రైలెక్కడం, ఎస్సార్‌నగర్‌లో హాస్టల్, మైత్రీవనం చుట్టుపక్కల క్లాసులు, అదే దారి. కరోనా తర్వాత ఆ లెక్క మారింది. అక్కడ చెప్పే ట్రైనర్లలో చాలామంది అవే క్లాసులు ఆన్‌లైన్‌లో కూడా చెబుతున్నారు. పరకాలలో ఇంట్లో కూర్చొని అదే పాఠం వినొచ్చు. హాస్టల్, తిండి, మెట్రో ఖర్చు కలిపితే నాలుగైదు నెలల్లో కోర్సు ఫీజును దాటిపోతుంది. కాబట్టి పాఠం కోసమే అయితే వెళ్లనవసరం లేదన్నది నా అభిప్రాయం. వెళ్లడానికి వేరే కారణాలు ఉన్నాయి. పక్క గదిలో అదే ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు ఉంటారు, ఎక్కడ వాక్-ఇన్ ఉందో సాయంత్రానికి తెలుస్తుంది, రేపు పొద్దున్నే రమ్మంటే వెళ్లగలుగుతారు. నేర్చుకోవడం ఇంట్లో ముగించి, వెతకడం మొదలుపెట్టేటప్పుడు వెళ్తే అదే హాస్టల్ ఖర్చుకు ఫలితం ఎక్కువ.

చేరేదే అయితే, ఊరు ఏదైనా, అడగాల్సినవి అడగాలి. చెప్పే మనిషి ఆ టెక్నాలజీలో ఇప్పుడు పని చేస్తున్నాడా, ఎప్పుడో మానేశాడా? డెమో క్లాసు చెప్పినాయనే మొత్తం చెబుతారా? ల్యాబ్‌లో ఎర్రర్ వస్తే చూసేది ఎవరు? ఫీజులో పరీక్ష వోచర్, అంటే పరీక్ష ఫీజు కట్టేసిన కూపన్, కలిసి ఉందా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాసి ఇస్తారా? రసీదు మీద జీఎస్‌టీ నంబర్ ఉంటుందా? వీటికి విసుక్కునే చోట చేరకపోవడమే మేలు. కోచింగ్ సంస్థలు ఉద్యోగ భద్రత, ఎంపిక గ్యారంటీ అంటూ తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు కూడా ఉండదు. అందుకే ఆ ఫ్లెక్సీని, పాంఫ్లెట్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

'ఉద్యోగం వచ్చాకే ఫీజు' అనేవాళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం. కొన్ని చోట్ల ఆ ఫీజు మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన లోన్‌గా ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఫీజు ఒప్పందం అనుకుంటారు, ఈఎంఐ మొదలయ్యాక అప్పు అని తెలుస్తుంది. ఉద్యోగం రాలేదని ఈఎంఐ ఆగదు, ఆపితే సిబిల్ స్కోర్ పడిపోతుంది. రేపు ఉద్యోగం వచ్చాక బండి లోన్‌కు వెళ్తే అది అడ్డం వస్తుంది.

ఉచితంగా దొరికేవి వాడుకున్నాకే డబ్బు తీయాలి. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో వాళ్ల క్లౌడ్ అయిన అజూర్ పాఠాలన్నీ ఉన్నాయి, అమెజాన్ స్కిల్ బిల్డర్‌లో ఉచిత కోర్సులు ఉన్నాయి. సేల్స్‌ఫోర్స్ సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలంటే వాళ్ల ఉచిత పాఠాల సైట్ ట్రెయిల్‌హెడ్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ టాస్క్ సంస్థ కాలేజీ విద్యార్థులకు నైపుణ్య శిక్షణ ఇస్తుంది, మీ కాలేజీ అందులో నమోదై ఉందో లేదో ప్లేస్‌మెంట్ ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. నెల రోజులు వీటితో కూర్చుంటే ఆ సబ్జెక్టు మీకు పట్టుబడుతుందో లేదో తేలిపోతుంది. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

ఉద్యోగం ఇచ్చేవాళ్ల వైపు నుంచి

వరంగల్ పేరు చెబితే బయటివాళ్లకు 1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో ఎన్ఐటీ అయిన సంస్థ గుర్తొస్తుంది. అక్కడికి కంపెనీలే వస్తాయి, వాళ్ల సంగతి మనం మాట్లాడుకోనక్కర్లేదు. కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో, చిన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ అరుదు. వాళ్లకు మిగిలేవి ఆఫ్-క్యాంపస్ డ్రైవ్‌లు, వాక్-ఇన్‌లు, తెలిసినవాళ్ల రిఫరెన్సులు.

ఆఫ్-క్యాంపస్‌లో పెద్ద కంపెనీల వడపోత సర్టిఫికెట్లతో జరగదు. ముందు పాసైన సంవత్సరం చూస్తారు, ఫలానా బ్యాచ్ మాత్రమే అంటారు. తర్వాత పది, ఇంటర్, డిగ్రీ మూడింటిలో 60 శాతం ఉందా అని, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా అని, చదువులో గ్యాప్ ఎంత అని చూస్తారు. ఆ తర్వాత ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, కోడింగ్ ఉండే ఆన్‌లైన్ టెస్ట్. టీసీఎస్ ఎన్‌క్యూటీ అలాంటిదే. అందులో కింది స్థాయి అయిన నింజాకు ఏడాదికి 3.36 లక్షలు చాలాకాలంగా నడుస్తున్న అంకె. ఈ టెస్టుకు సిద్ధం కావడానికి కావాల్సింది శాతాలు, లాభనష్టాలు, కాలం-పని లెక్కలు, ఒక ప్రోగ్రామింగ్ భాష. ఏడాది పాటు డెవాప్స్ నేర్చుకొని ఆప్టిట్యూడ్‌లో పోయినవాళ్లు ఎందరో. పాసైన సంవత్సరం పాతబడేకొద్దీ ఈ తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి కాబట్టి ముందు వీటినే పట్టుకోవాలి. సర్టిఫికెట్ తర్వాత అయినా రాసుకోవచ్చు.

ఈ తలుపులు కూడా మునుపటంత వెడల్పుగా లేవు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడు కంపెనీల్లో కలిపి ఉద్యోగుల సంఖ్య 60 వేలకు పైగా తగ్గింది. అందరినీ తీసుకొని ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పించే రోజులు తగ్గుతున్నాయి. దాంతో వందా రెండొందల మంది ఉండే కంపెనీలు, సపోర్ట్ ఉద్యోగాలు, కాంట్రాక్ట్ కొలువులు ముఖ్యమవుతున్నాయి. అక్కడ మార్కుల శాతం కంటే ఏం చేయగలరన్నది చూస్తారు. ఇంటర్‌లో మ్యాథ్స్ చదివినవాళ్లకు హెచ్‌సీఎల్ టెక్‌బీ లాంటి కార్యక్రమాలూ ఉన్నాయి. పన్నెండో తరగతి తర్వాతే తీసుకొని పనితో పాటు డిగ్రీ చదివిస్తారు. షరతులు, ఫీజు చదివి చూసుకోవాలి.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. అందులో ప్రాజెక్ట్ దగ్గరే చాలామంది దొరికిపోతారు. షాపులో కొన్న ఫైనలియర్ ప్రాజెక్ట్‌ను అవే స్క్రీన్‌షాట్లతో ఊరంతా పెడితే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కొత్తేముంటుంది? ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి ధరలను రోజూ సేకరించి గ్రాఫ్ గీసే చిన్న ప్రోగ్రాం సొంతంగా రాసి, కోడ్ అందరికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెట్టినా దానికి విలువ ఎక్కువ. ఎందుకంటే దాని గురించి ఏ ప్రశ్న అడిగినా మీ దగ్గర జవాబు ఉంటుంది. ఉద్యోగాల సైట్ నౌక్రీలో ప్రొఫైల్‌ను అప్పుడప్పుడు అప్‌డేట్ చేస్తుండాలి, పాతబడినవి రిక్రూటర్లకు సులువుగా కనిపించవు. రిఫరెన్స్ కోసం కాలేజీ సీనియర్లను అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కానీ "అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అంటే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. మీ కంపెనీలో ఫలానా జాబ్ ఐడీతో ఈ ఓపెనింగ్ ఉంది, ఇదిగో రెజ్యూమె అంటే రెండు నిమిషాల్లో అప్‌లోడ్ చేస్తారు.

ఇక్కడే ఉండి చేసుకునే ఉద్యోగాలు లేవా అంటే, ఉన్నాయి. వరంగల్ పక్కన మడికొండలో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా సెంటర్లు మొదలయ్యాయి. కరీంనగర్‌లో ఐటీ టవర్ అదే ఏడాది జులైలో, నిజామాబాద్‌లో ఐటీ హబ్ 2023 ఆగస్టులో తెరిచారు. కానీ హైదరాబాద్‌తో పోల్చితే ఇక్కడి సీట్లు చాలా తక్కువ. ప్రతి ఏటా మన కాలేజీల నుంచి బయటికొచ్చే పిల్లలందరికీ ఇవి సరిపోవు. దొరికితే అదృష్టమే, ఇంటి తిండి, అద్దె లేదు. ఇక్కడే దొరుకుతుందని ఆగిపోతే మాత్రం బ్యాచ్ పాతబడుతుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల చిల్లర, పొద్దున వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్, బ్యాక్‌డోర్

ఫ్రెషర్‌గా ఆరు నెలలు తిరిగి అలసిపోయాక ఎవరో ఒకరు చెవిలో ఈ మాట వేస్తారు: మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో, లెటర్లు మేమిస్తాం. పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఫోన్ ఎత్తి అవునని చెప్పడానికి ఒక మనిషి, అన్నీ ప్యాకేజీలో ఉంటాయి. ఇది ఒకప్పుడు చాలామందికి నడిచింది. అలా వెళ్లి ఇప్పుడు అమెరికాలో స్థిరపడిన మేనబావ కథ ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. అందుకే తప్పనిపించదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా పీఎఫ్ తెచ్చింది. 2014లో యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్ వచ్చాక పీఎఫ్ ఉన్న ఉద్యోగి ఏ కంపెనీలో ఎప్పుడు చేరాడో, ఎప్పుడు మానేశాడో ఒకే నంబర్ కింద కనిపిస్తుంది. వెరిఫికేషన్ చేసేవాళ్లు ఆ సర్వీస్ హిస్టరీ అడుగుతారు, జీతంపై టీడీఎస్ చూడటానికి ఫారం 26ఏఎస్ అడుగుతారు. మూడేళ్ల ఉద్యోగానికి పీఎఫ్ లేదు, టీడీఎస్ లేదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం లేదు అంటే కథ అక్కడితో అయిపోతుంది. అప్పుడు ఉద్యోగం పోవడమే కాదు, కొన్ని కంపెనీలు ఆ పేరును మళ్లీ ఎప్పటికీ తీసుకోవు. చేరిన ఏడాదికి, రెండేళ్లకు తిరగదోడి తీసేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇంకా పెద్ద కష్టం పనిలో ఉంటుంది. మూడేళ్ల అనుభవం ఉందని నమ్మి అప్పగించిన పని చేయలేక, రాత్రిపూట ఎవరికో డబ్బులిచ్చి చేయించుకునేవాళ్ల టెన్షన్ మామూలుది కాదు.

బ్యాక్‌డోర్ పేరుతో రెండు మూడు లక్షలు తీసుకునేది ఇంకో రకం. ఇంటర్వ్యూ లేకుండా ఆఫర్ లెటర్ వస్తుంది, దాని మీద పెద్ద కంపెనీ లోగో కూడా ఉంటుంది. మెయిల్ ఐడీ మాత్రం ఆ కంపెనీది కాదు. పేరున్న కంపెనీలేవీ ఉద్యోగానికి డిపాజిట్ అడగవు. డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

గల్ఫ్ వలసలకు అలవాటుపడిన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇంకో వల ఉంది. కంబోడియాలోనో మయన్మార్‌లోనో డేటా ఎంట్రీ, కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగమని తీసుకెళ్లి, పాస్‌పోర్ట్ లాక్కొని, సైబర్ మోసాలు చేయించే ముఠాలు అవి. మన రాష్ట్రం వాళ్లు చాలామంది ఇందులో చిక్కుకున్నారు. టైపింగ్ వస్తే చాలు, విమానం టికెట్ మాదే అని ఎవరైనా అంటే, ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగానికి పంపుతామన్నారంటే ఇక చూడాల్సిన పని కూడా లేదు.

చివరగా ఒక చిన్న విషయం, కానీ మన పిల్లలను పదే పదే ఆపేది ఇదే. పది మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, పాస్‌పోర్ట్‌లో రెండు గడుల్లోకి విడిపోతుంది. పియర్సన్ వ్యూలో రిజిస్టర్ చేసుకున్న పేరు, పరీక్ష రోజు చూపించే ఐడీ కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి. లేకపోతే లోపలికి పంపరు, కట్టిన ఫీజు కూడా పోవచ్చు. ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్‌లో, యూఏఎన్‌కు ఆధార్ కలిపేటప్పుడు మళ్లీ అదే పేచీ. సర్టిఫికెట్ మీద పడిన పేరును తర్వాత మార్పించుకోవడం తలనొప్పి. కాబట్టి పది మెమోలో ఉన్నట్టుగా ఆధార్, పాన్ సరిచేయించుకోవడం డిగ్రీ చివరి ఏడాదిలోనే మొదలుపెట్టండి. పాస్‌పోర్ట్ కూడా అప్పుడే తీసుకుంటే ఆ పేరుతోనే పరీక్ష ఖాతా తెరవొచ్చు. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో కూడా రిజల్ట్ రాగానే అప్లై చేసి తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ ఉందని కాలేజీ ఒరిజినల్స్ ఆపితే, జాయినింగ్ డేట్ దగ్గర పడ్డాక పరుగెత్తడానికి టైమ్ ఉండదు.